ఎంసెట్ గైడుకు రంగులు పూసింది... బీఎఫ్‌ఏలో చేర్చాలా, రెజిన్ వ్యాపారం పెట్టించాలా?

ప్రశ్న: మా పాప ఈ ఏడు ఇంటర్ ఎంపీసీ పాసైంది. ఎంసెట్ ర్యాంకు ఓ మోస్తరుగా వచ్చింది. ఆదివారం వస్తే చాలు, మా వీధిలో ఒకరి మిద్దె మీద ఏడెనిమిది మంది ఆడవాళ్లు చేరి పాత పుస్తకాలకు రంగులు పూస్తారు, గుడ్డపీలికలు, బటన్లు, తుప్పు పట్టిన తాళంచెవులు అతికిస్తారు. మిక్స్‌డ్ మీడియా, ఆల్టర్డ్ ఆర్ట్ అంటుంది. మొన్న ఎంసెట్ గైడును కూడా అలాగే చేసింది. ఇప్పుడు బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చేస్తానంటోంది. కాదంటే ఆన్‌లైన్లో రెజిన్ ఆర్ట్ (ద్రవాన్ని అచ్చుల్లో పోసి గాజులా గట్టిపరిచే పని) నేర్చుకుని బిజినెస్ పెడతానంటోంది. మా అన్న కూతురు బెంగళూరులో సాఫ్ట్‌వేర్లో ఉంది. రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి. - ఒక తండ్రి, అనంతపురం

జవాబు: గైడు సంగతి ముందు తేల్చేద్దాం. పరీక్ష అయిపోయింది, దాని పనీ అయిపోయింది. పాత పేపర్లతో కలిపి తూకానికి అమ్మేసి ఉంటే మీకు కోపం వచ్చేది కాదు. పేజీల మీద బొమ్మ వేసేసరికి, రెండేళ్లు కట్టిన ఫీజుల మీద రంగు పూసినట్టు తోచింది.

ఇలాంటి ఉత్తరాలు ఏటా ఫలితాల తర్వాత వస్తూనే ఉంటాయి. ఒకరి కొడుకు డ్రమ్స్ అంటాడు, ఒకరి కూతురు కేకులంటుంది. అడిగేది కోర్సు గురించే అయినా అసలు దిగులు వేరే. ‘మీ పాప ఏం చేస్తోంది’ అని పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే ఒక్క మాటలో జవాబు ఉండాలి. సాఫ్ట్‌వేర్ అంటే చాలు, ఇంక ఎవరూ ఏమీ అడగరు. తాళంచెవులు అతికిస్తోందని ఎలా చెప్పడం? ఆ ఇబ్బంది మీది, పాపది కాదు. అన్న కూతురి ఊసు ఈ ప్రశ్నకు అక్కర్లేదు. నాకు రాసిన నాలుగు ముక్కల్లోనే వచ్చిందంటే, ఇంట్లో అన్నం దగ్గర ఎన్నిసార్లు వస్తోందో ఊహించగలను. ఏమనుకోకండి, ఆ పోలిక ఈ రోజుతో ఆపేయండి.

మిద్దె మీద జరిగేది కాలక్షేపమే అనుకుంటున్నారు. ఒకసారి వెళ్లి కూర్చోండి. పాత పుస్తకం మీద తడి రంగు పూస్తే కాగితం ముడతలు పడుతుంది. అందుకే మూడు నాలుగు పేజీలు కలిపి అతికించి గట్టి చేస్తారు, పైన జెస్సో అనే తెల్లపూత వేస్తారు. కొనలేనివాళ్లు సుద్దపొడి, ఫెవికాల్, తెల్ల యాక్రిలిక్ కలిపి ఇంట్లోనే చేసుకుంటారు. అతికించేకొద్దీ పుస్తకం ఉబ్బి కుట్టు తెగుతుంది కాబట్టి మధ్యమధ్య కొన్ని పేజీలు ముందే కోసేస్తారు. ఆయిల్ రంగు మీద యాక్రిలిక్ నిలవదు, యాక్రిలిక్ మీద ఆయిల్ నిలుస్తుంది. ఏ పదార్థం దేనితో ఇముడుతుందో చేత్తో తెలుసుకునే చదువిది. ఫ్యాషన్ డిజైన్ కాలేజీ నిఫ్ట్ ప్రవేశ పరీక్ష రెండో దశలో సిచ్యుయేషన్ టెస్టు ఉంటుంది. వాళ్లిచ్చిన సామానుతోనే అక్కడికక్కడ ఒక నమూనా తయారుచేయాలి. దానికి కోచింగుల్లో వేలు పోస్తున్నారు, మీ పాప మాత్రం సుద్దపొడి ఖర్చుతో ఆ పని చేస్తోంది.

ఇదేదో నిన్నమొన్నటి ఇన్‌స్టా మోజు అనుకోకండి. పికాసో 1912లోనే కాన్వాసు మీద మైనపు గుడ్డ అతికించి, చుట్టూ తాడు బిగించాడు. టామ్ ఫిలిప్స్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1966లో పాత సామాన్ల కొట్లో మూడు పెన్నీలకు ఒక నవల కొని ప్రతి పేజీనీ బొమ్మగా మార్చాడు. యాభై ఏళ్ల పాటు అదే పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చేశాడు. ఆయన ఇంట్లో ఏమన్నారో మరి.

ఇక రెజిన్. నాకు అసలు గుబులు ఇక్కడే. రెండు రోజుల వర్క్‌షాప్, ఒక సర్టిఫికెట్, ‘ఇంట్లో కూర్చుని సంపాదించండి’ అనే పోస్టరు. ఈ రంగంలో నిలకడగా డబ్బు చూస్తున్నది ఎక్కువగా కిట్లు అమ్మేవాళ్లు, కోర్సులు అమ్మేవాళ్లు. నేర్చుకున్నవాళ్లందరి దగ్గరా అవే అచ్చులు, అవే బంగారు రేకులు, అవే ట్రేలు, అవే కీచైన్లు. పెళ్లి దండలోని పూలను రెజిన్లో పోసి దాచిపెట్టే ఆర్డర్లు వస్తాయి, నిజమే. కానీ అవి చుట్టాలతో, స్నేహితులతో మొదలై చాలామందికి అక్కడే ఆగుతాయి. ధర వేసేటప్పుడు రెజిన్ ఖరీదు లెక్కేస్తారు, పాడైన ముక్కలు లెక్కేయరు, తమ గంటలు అసలే వేయరు. మంచి రెజిన్ కూడా ఎండ తగిలేకొద్దీ పచ్చబడుతుంది. అప్పుడు కొన్నవాళ్లు ఫోన్ చేసి తిట్టేది పాపనే, కోర్సు అమ్మినవాళ్లను కాదు.

పోస్టరులో రాయనిది ఇంకొకటుంది. ఈ పనికి వాడే ఎపాక్సీ రెజిన్ గట్టిపడకముందు చర్మానికి మంచిది కాదు. పదేపదే తగిలితే కొందరికి అలర్జీ పట్టుకుంటుంది, పట్టుకుంటే మళ్లీ ఆ పని చేయనివ్వదు. చేతులకు నైట్రైల్ గ్లౌజులు, గాలి బాగా ఆడే చోటు తప్పనిసరి. పడకగదిలో ఫ్యాన్ కింద చేసే పని కాదిది. మన అనంతపురం ఎండల్లో మరో తంటా: వేడికి రెజిన్ త్వరగా బిగుసుకుంటుంది, కలిపిన గిన్నెలోనే పొగలు కక్కుతుంది. రెజిన్ వద్దని నేననను. ఒక పదార్థంగా నేర్చుకోమనండి. బతుకుతెరువుగా దాన్నే నమ్ముకోవద్దనండి.

బీఎఫ్‌ఏ నాలుగేళ్లు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా పరవాలేదు. కడపలోనే డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, 2020లో మొదలైంది. ప్రవేశ పరీక్ష వివరాలు నోటిఫికేషన్లో చూసుకోండి. మిక్స్‌డ్ మీడియా అని విడిగా విభాగం ఉంటుందని పాప అనుకుంటూ ఉండొచ్చు. కానీ పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, డిజైన్ల పని) లాంటి వాటిలో ఒకటి ఎంచుకోవాలి. ఉద్యోగంలో త్వరగా కుదురుకోవాలంటే అప్లైడ్ ఆర్ట్ వైపే మొగ్గమంటాను. ప్రకటనల సంస్థలు, ప్రచురణలు, సినిమా ఆర్ట్ డిపార్టుమెంట్లు, షాపుల అలంకరణ, బడుల్లో ఆర్ట్ టీచరు పని: దారులున్నాయి. తొలి జీతాలు చిన్నవి. పట్టా చూసి పిలిచేవాళ్లు తక్కువ, చేసిన పని చూసి పిలిచేవాళ్లే ఎక్కువ. ఓ మోస్తరు ర్యాంకుతో ఏదో ఒక కాలేజీలో ఇష్టం లేని బీటెక్ చదివి సప్లీలతో బయటపడే పిల్లలకూ తొలి జీతం పెద్దదేం కాదని మీకు తెలుసు. కాబట్టి పాప ఆకలితో మాడిపోతుందన్న బెంగ వద్దు.

మిద్దె మీది గ్రూపు గురించి నా అనుమానం ఒక్కటే. అందరూ అందరికీ ‘సూపర్ అక్కా’ అనుకునే చోట ఎవరూ ఎదగరు. ఒక పని చేయమనండి. ఒకరి పుస్తకం ఇంకొకరికి ఇచ్చుకుని, ప్రతివారూ పక్కవారి పుస్తకంలో రెండు పేజీలు చేయాలి. గడువు లోపల తిరిగివ్వాలి. ఏం కుదిరింది, ఏం కుదరలేదు అన్నది మొహం మీదే చెప్పాలి. ఫోన్లో చూసి దించిన బొమ్మలు పోర్ట్‌ఫోలియోలో (తన పనులు చూపించే ఫైలులో) పెట్టొద్దు. ‘ఇది ఎందుకిలా చేశావు’ అని ఇంటర్వ్యూలో అడిగితే పట్టుబడిపోతారు. చెడిపోయిన పేజీలు కూడా పారేయకుండా దాచుకోవాలి, అడిగేవాళ్లకు అవే ఆసక్తి.

వీలైతే ఒక ఆదివారం గ్రూపునంతా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు పంపండి. 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. మేకతోలును గీకి ఆరబెట్టి, దీపం వెలుగు ఇవతలికి కనబడేంత పలచన చేసి, చిల్లులు కొట్టి రంగులద్దుతారు. తోలుబొమ్మలాట చూసేవాళ్లు తగ్గాక అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు చేసి అమ్ముతున్నారు. రెండు రోజుల వర్క్‌షాప్‌తో వచ్చే పనా అది? పాపే చూసి చెబుతుంది. వచ్చేటప్పుడు ధర్మవరంలో మగ్గాల దగ్గర పట్టు, జరీ పీలికలు అడిగి తెచ్చుకోమనండి.

దరఖాస్తుల గడువు ముగిసేలోపు మీరూ పాపా కలిసి ఒకసారి కడప వెళ్లిరండి. ఆఫీసులో కాకుండా చివరి ఏడాది పిల్లల దగ్గర కూర్చోండి. ఏం చేస్తున్నారో, సెలవుల్లో ఎక్కడ పని దొరుకుతోందో అడగండి. రెజిన్ కోర్సుకు అడ్వాన్సు ఇంకా కట్టకపోతే ఈ లోపు కట్టొద్దు. కట్టేసి ఉంటే నేర్చుకోనివ్వండి, కాకపోతే మిద్దె మీదే, గ్లౌజులు వేసుకుని, ఎండ దిగాక.