డొమైన్ మార్చబోతున్న బుజ్జమ్మకు

మారతహళ్ళి, బెంగళూరు

బుజ్జమ్మా,

నీ డొమైన్‌కి, అంటే సైట్ పేరుకి, రెన్యూవల్‌కి రెట్టింపు అడుగుతున్నారు, వేరే రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గరికి మారిపోతానన్నావు. మారిపో. కాని తొందరపడి డొమైన్ రికార్డులో మెయిల్ ఐడీ మార్చకు. నేను చేసిన తెలివితక్కువ పని అదే.

2018లో మన ప్రింటింగ్ షాపు డొమైన్ మార్చబోతూ, పాత మెయిల్ తీసేసి కొత్తది పెట్టాను. మర్నాడు ట్రాన్స్‌ఫర్ నొక్కితే 60 రోజుల తాళం! యజమాని పేరో మెయిలో మారితే అన్నాళ్ళు కదలనివ్వకూడదని 2016 డిసెంబరులో ఐకాన్ (డొమైన్లకి నియమాలు పెట్టే సంస్థ) తెచ్చిన నియమం. కొందరు రిజిస్ట్రార్లు ఆ తాళం వద్దనే వీలిస్తారు, కాని ఆ టిక్కు మార్పుకు ముందే పెట్టాలి. అదెవడు చదివాడు? గడువుకి నలభై రోజులే ఉంది. దాటనిచ్చే ధైర్యం లేక చచ్చినట్టు పాతవాళ్ళకే మరో ఏడాది డబ్బు కట్టాను.

నీ సంగతిలో అంతకన్నా పెద్ద చిక్కుంది. సైట్ చేసిన కుర్రాడు తన అకౌంట్‌లోంచే కొన్నాడన్నావు కదా. రిజిస్ట్రెంట్ (డొమైన్ యజమాని) అన్న గడిలో ఎవరి పేరుందో స్క్రీన్‌షాట్ పంపమను. బయట వెతికితే ఆ వివరాలు చాలావరకు దాచేసి ఉంటాయి. పచ్చళ్ళు నీవే, లేబులూ నీదే, కాని అక్కడ అతని పేరుంటే డొమైన్ మార్చడానికి కావలసిన కోడ్ అడిగే హక్కూ అతనిదే. మంచివాడే కావచ్చు, రేపు ఫోన్ ఎత్తకపోతే? ఇప్పుడే నీ పేరుకి మార్పించుకో. ఆ 60 రోజులూ ఈ చలికాలంలోనే గడిచిపోతాయి, ఆవకాయ ఆర్డర్లు మొదలయ్యేసరికి పనైపోతుంది.

తర్వాత డొమైన్ కదలకుండా మామూలుగా వేసి ఉంచే లాక్ తీయమని, ఆ కోడ్ (ఆథ్ కోడ్ అంటారు) ఇమ్మని పాత రిజిస్ట్రార్‌ని అడుగు. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. నీ అకౌంట్‌లో ఆ వీలు లేకపోతే అడిగిన 5 రోజుల్లోగా వాళ్ళు ఇవ్వాల్సిందే. డిస్కౌంట్ ఇస్తాం ఉండండి అని కాల్ వస్తుంది, కోడ్ మాత్రం రాదు. వచ్చే ఏడాది రెన్యూవల్ కట్టలేదన్న సాకుతో ఆపే హక్కు వాళ్ళకి లేదు. కొత్తచోట మొదలుపెట్టాక పాతవాళ్ళ నుంచి ఒక మెయిల్ వస్తుంది. వద్దని నువ్వు చెప్పకపోతే 5 రోజులకి డొమైన్ దానంతటదే వెళ్ళిపోతుంది. డాట్ కామ్‌కి మామూలుగా ఒక ఏడాది కలుస్తుంది, మిగిలిన రోజులు పోవు.

సతాయిస్తే ఐకాన్ సైట్‌లోనే ట్రాన్స్‌ఫర్ ఫిర్యాదు ఫారం ఉంది. నీ డాట్ ఇన్ పేరు మాత్రం ఐకాన్ కిందకి రాదు, దానికి డాట్ ఇన్ పేర్లు చూసే నిక్సీ సంస్థని అడగాలి. డబ్బు దగ్గర మోసం జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. పొట్టకూటి కోసం సొంతంగా చేసుకునే వ్యాపారమే గనక 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వూ వినియోగదారువే. నువ్వుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. అందుకే ఆ కుర్రాడికి పంపిన యూపీఐ రసీదులు చెరపకు.

ఇంకొకటి. నీ నేమ్‌సర్వర్లు (సైటూ మెయిలూ ఎక్కడున్నాయో చెప్పే కంప్యూటర్లు) పాత రిజిస్ట్రార్‌వే అయితే, మారాక సైటూ ఆర్డర్ల మెయిలూ రెండూ పడుకోవచ్చు. ఏదీ ముట్టుకోకముందు ఆ వివరాలుండే డీఎన్ఎస్ పేజీ మొత్తం, ముఖ్యంగా మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎమ్ఎక్స్ వరసలు, ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. ఆదివారం ఇంటికొస్తే కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న