టెస్టరట్టుకు తిరగడానికి ఇంజినీరింగేటి?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపూర్. ఇరవై రెండేళ్లుగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. మా పాప ఎలక్ట్రికల్ డిప్లొమా ఆఖరి సెమిస్టర్ రాసింది. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి భువనేశ్వర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని కస్టమర్ల ఫిర్యాదులు నమోదు చేసే పని, నెలకు 20,000. రెండోది సబ్‌స్టేషన్లలో రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్లు టెస్ట్ చేసే చిన్న కాంట్రాక్టు కంపెనీలో ట్రైనీ, నెలకు 15,000, సైట్ మీద తిండి, బస వాళ్లదే. పాపకు రెండోదే ఇష్టం. వాళ్లమ్మకు భయం. మా బామ్మర్దయితే "టెస్టరట్టుకు తిరగడానికి ఇంజినీరింగేటి బావా" అని నవ్వుతున్నాడు. ఈ లైను నిలబడుతుందా? లేక బీటెక్‌లో చేర్చమంటారా?

జవాబు: మీ బామ్మర్ది చూసిన టెస్టర్ జేబులో పెట్టుకునే స్క్రూడ్రైవర్. బల్బు వెలిగితే కరెంటున్నట్టు, వెలగకపోతే లేనట్టు. (వెలగకపోయినా ఉండొచ్చని మీకు నేను చెప్పక్కర్లేదు.) పాపకు వచ్చిన పని అది కాదు. అదేమిటో ఆయనకంటే మీకే తొందరగా అర్థమవుతుంది, ఎందుకంటే అందులో సగం మీ షాపులోనే ఉంది.

మీరు కాయిల్ చుట్టి సిరీస్ ల్యాంపు పెట్టి చూస్తారు. దీపం వెలిగితే తీగ తెగలేదు. బాడీకి పెట్టినప్పుడు వెలగకపోతే షార్ట్ లేదు. మోటార్ వెళ్లిపోతుంది. కానీ కాయిల్‌కూ బాడీకీ మధ్య ఉండే స్లాట్ పేపరు చెమ్మ పట్టి సగం చచ్చిపోయి ఉంటే ఆ దీపానికి కనపడదు. ఇన్సులేషన్ బలాన్ని కొలిచే మెగ్గర్ 500 వోల్టులు పెట్టి తిప్పితే కనపడుతుంది, అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. పోయిన ఏడాది 200 మెగ్‌ఓమ్‌లు చూపించిన వైండింగ్ ఈ ఏడాది 20 చూపించిందనుకోండి, 415 వోల్టుల మోటారుకు 20 కూడా సరిపోయే అంకే. సిరీస్ ల్యాంపు వాడేవాడు "బాగుంది" అంటాడు. టెస్టింగ్ తెలిసినవాడు పక్కన పోయిన ఏడాది అంకె పెట్టి చూసి "ఇది జారుతోంది" అంటాడు. కాలిపోయాక మీ దగ్గరకొస్తే అది రిపేరు. కాలకముందే పట్టుకోవడం మీ పాప నేర్చుకోబోయే పని. ఈ రెండోదానికి మన ఊళ్లలో పేరు లేదు, అందుకే బామ్మర్దులు నవ్వుతారు.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇదే పని ఇంకో స్థాయికి వెళ్తుంది. దాన్ని విప్పి చూడలేం కదా. అందుకని లోపలి నూనెను సిరంజితో కొంచెం తీసి ల్యాబుకు పంపుతారు. మనిషికి రక్తపరీక్ష లాంటిదే అనుకోండి. నూనె వేడెక్కితే అందులో వాయువులు పుడతాయి. హైడ్రోజన్, మీథేన్, ఎథిలీన్ ఒక కథ చెబుతాయి. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే కాగితం ఇన్సులేషన్ కాలుతోందేమో చూడాలి. ఎసిటిలీన్ కనబడితే మాత్రం ఫోన్లు మోగుతాయి. అది దాదాపు 700 డిగ్రీలు దాటాకే గట్టిగా పుడుతుంది, అంటే లోపల ఎక్కడో నిప్పురవ్వ కొడుతోందన్న అనుమానం. ట్రాన్స్‌ఫార్మర్ పైకి చల్లగా హమ్మంటూ ఉంటుంది. ఆ చిన్న సీసా మీద నమ్మకంతో అంత సామానును ఆపమని చెప్పాలి. ఆపితే ఎన్ని ఊళ్లు చీకట్లో ఉంటాయో ఎదురుగా లెక్క కనబడుతుంది. ఆపకపోతే ఏమవుతుందన్నది కనబడదు. అంకె చదవడం ఆరు నెలల్లో వస్తుంది, ఆ మాట చెప్పే ధైర్యానికి ఏళ్లు పడుతుంది.

ఇక రిలే. లైన్లో ఫాల్ట్ (లోపం) పసిగట్టి, కరెంటు తెంపమని బ్రేకర్‌కు చెప్పే పరికరం అది. ఆ పని ఎంతటిదో తెలియడానికి 2012 సంగతి ఒక్కటి చాలు. ఆ జులై 30న ఉత్తరాది గ్రిడ్ కూలింది, మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. అరవై కోట్లమందికి పైగా చీకట్లో పడ్డారు. దానికి మొదలు 400 కేవీ బీనా-గ్వాలియర్ లైను ట్రిప్ కావడం, అంటే దానంతట అది తెగిపోవడం. ఆ లైన్లో ఫాల్ట్ లేదు. డిస్టెన్స్ రిలే అనేది వోల్టేజీని కరెంటుతో భాగించి, వచ్చిన అంకెను బట్టి ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో అంచనా వేస్తుంది. లోడు విపరీతంగా పెరిగి వోల్టేజీ పడిపోయేసరికి ఆ అంకె చిన్నదైపోయి, దూరానికి పెట్టిన మూడో జోన్‌లోకి వచ్చింది. రిలే దాన్ని ఫాల్ట్ అనుకుని లైను తెంపేసింది. రిలే చెడిపోలేదు, తనకు చెప్పినట్టే చేసింది. సెట్టింగ్ ఏం పెట్టాలి, ఎందుకు పెట్టాలి అన్న మనిషి ప్రశ్న అక్కడ తప్పిపోయింది.

ఆ రోజు దక్షిణ గ్రిడ్ ఎందుకు నిలబడిందో పాపను చెప్పమనండి, చిన్న పరీక్షలా. అప్పటికి దక్షిణ గ్రిడ్‌ను మిగతా దేశంతో ఏసీ లైన్లతో కలపలేదు, 2013 డిసెంబరు 31న గానీ కలపలేదు. మధ్యలో డీసీ లింకులే ఉండేవి. అందులో ఒకటి మీ పక్కనే ఉంది. కొరాపుట్ జిల్లా జయపూర్ నుంచి కొండలు దిగి గాజువాక వెళ్లే 400 కేవీ లైను. గాజువాకలో ఏసీని డీసీ చేసి మళ్లీ ఏసీ చేస్తారు. ఇటు కుదుపు అటు పాకదు. మీ జిల్లాల మీదుగా పోయే తీగ అంత పని చేస్తుందని మీవైపు పిల్లల్లో చాలామందికి తెలియదు. నాకూ ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

అవును, సలహాలు చెప్పే పనిలోకి రాకముందు నేను నాలుగేళ్లు రిలే టెస్టింగ్ కిట్ మోశాను. ఇరవై కిలోల పెట్టె, మెట్లెక్కి దిగితే నడుం పట్టేసేది. ఒక సబ్‌స్టేషన్లో డిఫరెన్షియల్ రిలే టెస్ట్ అంతా శుభ్రంగా చేశాను. అన్ని అంకెలూ సరిగ్గా వచ్చాయి. రిపోర్టు రాశాను, సంతకం పెట్టాను. సాయంత్రం వ్యాను ఎక్కబోతుంటే మా సీనియర్ మళ్లీ ప్యానెల్ దగ్గరకు వెళ్లి లింకులు వేలితో లెక్కపెట్టాడు. టెస్టింగ్ కోసం తీసిన ట్రిప్ లింకు ఒకటి నేను తిరిగి వేయలేదు. ఆ రాత్రి ఫాల్ట్ వచ్చి ఉంటే రిలే దాన్ని పట్టుకునేది, బ్రేకర్‌కు మాత్రం కబురు చేరేది కాదు. ఆయన తిట్టలేదు. లింకు వేసి "సంతకం పెట్టావు కదా" అన్నాడంతే. అప్పట్నుంచి నేను లింకులు తీసేముందు ఫోటో తీసుకునేవాణ్ణి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, రెండో ఆఫర్ తీసుకోమని నా సలహా, కానీ ఒక షరతు మీద. ఆ కంపెనీలో అలాంటి సీనియర్ ఉన్నాడా లేదా అన్నది జీతం కంటే ముఖ్యం. చిన్న కంపెనీల్లో కొన్ని ట్రైనీ చేత పెట్టె మోయించి, వైర్లు చుట్టించి, రిపోర్టు మాత్రం ఆఫీసులో పాత ఫైల్లోంచి కాపీ కొట్టి పంపుతాయి. అక్కడ రెండేళ్లుంటే మీ బామ్మర్ది మాటే నిజమవుతుంది. ఫోన్ చేసి సూటిగా అడగండి. పాప ఎవరితో వెళ్తుంది? ఎన్నో నెల నుంచి కిట్ తన చేతికిస్తారు? రిపోర్టులో టెస్ట్ చేసినవారిగా ఆమె పేరు ఉంటుందా? పేర్లు కొట్టేసిన పాత రిపోర్టు ఒకటి చూపిస్తారా? ఈ నాలుగింటికి నసిగితే వద్దనుకోండి. జవాబులు బాగుంటే ఆ 5,000 తేడా పట్టించుకోకండి. మొదటి ఆఫర్‌లో ఆమె డిప్లొమా మూడేళ్ల చదువూ ఎక్కడా వాడరు.

వాళ్లమ్మగారి భయాన్ని నేను తీసిపారేయను. టెస్టింగ్ కోసం కరెంటు ఆపే షట్‌డౌన్ పొద్దున తొమ్మిదికి ఇచ్చి సాయంత్రం ఐదుకు తిరిగిమ్మంటారు, అది చాలాసార్లు రాత్రికి జారుతుంది. మల్కాన్‌గిరి, కొరాపుట్ వైపు కొండదారిలో ఆ రాత్రి తిరిగి రావాలి. చిన్న 33 కేవీ సబ్‌స్టేషన్లలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా తాళం వేసి ఉంటుంది. ఇంకో అమ్మాయి టీమ్‌లో ఉందా, బస ఎక్కడ, వాహనం కంపెనీదేనా, ప్రమాద బీమా ఉందా అని అమ్మగారినే అడగమనండి. ఆమె అడిగితే జవాబు ఇంకా తిన్నగా వస్తుంది. కరెంటు భయానికి మాత్రం ఒక్కటే మందు. చేతికి పర్మిట్ కాగితం రాకుండా, తన కళ్లముందు ఎర్త్ రాడ్ వేయకుండా ఏ కండక్టర్‌నీ ముట్టుకోనని పాప మొదటిరోజే చెప్పాలి. ఎవరైనా "ఏం కాదులేమ్మా, ఆఫ్‌లోనే ఉంది" అన్నా సరే.

బీటెక్ విషయం. ఇప్పుడే కాదు, ఒకటి రెండేళ్ల తర్వాత. ఒడిశాలో డిప్లొమా వాళ్లకు ఓజేఈఈ అనే ప్రవేశపరీక్ష ద్వారా రెండో సంవత్సరంలో లేటరల్ ఎంట్రీ ఉంది. బరంపురం పరలా మహారాజా ఇంజినీరింగ్ కాలేజీ, బుర్లాలోని వీఎస్ఎస్‌యూటీ రెండూ ప్రభుత్వానివే. బుర్లా కాలేజీ 1956లో హీరాకుడ్ పక్కన పుట్టింది, పవర్ చదువుకు పాత ఇల్లు. ఆంధ్రాలో చేర్పించాలని చాలామంది తెలుగు తల్లిదండ్రులు ఆశపడతారు, కానీ స్థానికత పిల్ల చదివిన ఊరిని బట్టే తప్ప ఇంట్లో మాట్లాడే భాషను బట్టి రాదు. చదువంతా ఒడిశాలోనే అయింది కాబట్టి ఆ లెక్క వేసుకోకండి. సైట్ చూసొచ్చి చదివితే రిలేల గురించి చెప్పే ప్రొటెక్షన్ సబ్జెక్టు కథలా ఎక్కుతుంది, చూడకుండా చదివితే సూత్రాల్లా మిగిలిపోతుంది.

ఇక ఎలక్ట్రానిక్ చిప్పుల టెస్టింగ్ గురించి కూడా పాప ఏదో వీడియో చూసి ఉంటుంది. అది వేరే లోకం. చిప్పు లోపల ఒక తీగ సున్నా దగ్గరో ఒకటి దగ్గరో ఇరుక్కుపోతే బయటి పిన్నుల నుంచి ఎలా పట్టుకోవాలన్నది అక్కడి ప్రశ్న. దానికి ఎలక్ట్రానిక్స్ బీటెక్ ఉండాలి, ఉద్యోగాలు బెంగళూరు, హైదరాబాద్‌లలో. భువనేశ్వర్‌లో సిలికాన్ కార్బైడ్ చిప్పుల యూనిట్‌కు 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది, దాని మీద కన్నేసి ఉంచండి. ఈ పిల్లకు మాత్రం ఇప్పుడు పవర్ వైపే దగ్గర దారి.

దగ్గరంటే నిజంగానే దగ్గర. మాచ్‌కుండ్‌లో 1955 నుంచి నడుస్తున్న జలవిద్యుత్ కేంద్రం ఉంది, ఆరు యంత్రాలు కలిపి 120 మెగావాట్లు. అంత పాత యంత్రానికి డాక్టర్ అవసరం కొత్తదానికంటే ఎక్కువ. బాలిమెల, అప్పర్ కొలాబ్, దామన్‌జోడి నాల్కో, థెరుబాలి ఫెర్రో అల్లాయ్స్, జేకేపూర్ పేపరు మిల్లు, అన్నిట్లోనూ రిలేలుంటాయి, ఏటా టెస్ట్ చేయాలి. దక్షిణ ఒడిశా పంపిణీ 2021 జనవరి నుంచి బరంపురం కేంద్రంగా టాటా పవర్ వాళ్ల టీపీఎస్ఓడీఎల్ చూస్తోంది. మీటర్లు, రిలేలు టెస్ట్ చేసే విభాగాన్ని ఆంధ్రాలో ఎంఆర్‌టీ అంటారు, ఒడిశా ట్రాన్స్‌మిషన్‌లో ఈ అండ్ ఎంఆర్ అంటారు. 2018లో తిత్లీ తుపాను గజపతి జిల్లాను కూల్చినప్పుడు స్తంభాలు నిలబెట్టేవాళ్లను బయటినుంచి తెచ్చారు. నిలబెట్టాక లైను ఛార్జ్ చేయొచ్చా (కరెంటు వదలొచ్చా) లేదా అని చెప్పేవాళ్లు ఎప్పుడూ తక్కువే.

రెండు చిన్న ముళ్లు ఉన్నాయి, వాటికి చాలామంది ఆఖర్న దొరికిపోతారు. ఒకటి ఒడియా. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల ప్రకటనల్లో ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలని రాస్తారు. మీవైపు ఇంగ్లీషు మీడియం పిల్లలు ఒడియా గడగడా మాట్లాడతారు, సర్టిఫికెట్ ఉండదు. పాప పదో తరగతి మార్కుల కాగితంలో ఒడియా సబ్జెక్టు ఉందో లేదో ఇవాళే తీసి చూడండి. లేకపోతే ఆ పరీక్ష రాయించండి. రెండోది రంగుల చూపు. కరెంటు, రైల్వే ఉద్యోగాల్లో చాలావాటికి అది చూస్తారు. రాయగడలో ఏ కంటి డాక్టరైనా చుక్కల పుస్తకం పెట్టి పది నిమిషాల్లో చెప్పేస్తారు. వీటితోపాటు ఒడిశా ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు సూపర్‌వైజర్ సర్టిఫికెట్‌కు ఎంత అనుభవం కావాలో కనుక్కుని, సైట్ పని చేసిన రోజులన్నిటికీ కాగితం దాచుకోమనండి.

జాయినింగ్‌కు ఇంకా కొన్ని వారాలు ఉంటుంది కదా. షాపులో సిరీస్ ల్యాంపు పక్కన పెట్టి, మీ దగ్గర లేకపోతే ఎవరిదైనా 500 వోల్టుల మెగ్గర్ తెచ్చి, వచ్చిన ప్రతి మోటారుకూ ఒక నిమిషం దగ్గర ఒక రీడింగ్, పది నిమిషాల దగ్గర ఒక రీడింగ్ తీయమనండి పాపను. రెండోది మొదటిదానికి రెట్టింపు పైన ఉంటే వైండింగ్ పొడిగా ఉన్నట్టు. దాదాపు సమానంగా ఉంటే చెమ్మో మురికో అని అనుమానించాలి. మరీ చిన్న మోటార్లలో రీడింగ్ వెంటనే నిలబడిపోతుంది, వాటికి ఈ లెక్క కట్టొద్దు. పక్కన తేదీ, ఆ రోజు వేడి, వాన పడిందా లేదా కూడా రాయాలి. వంశధార పొంగే రోజుల్లో అంకెలు వాటంతటవే పడిపోతాయి, అది చూసి పాప కంగారుపడి మంచి మోటార్లు విప్పించేస్తుంది, మీరు పక్కనుండి ఆపండి.