దాహం పాలిచ్చే తల్లికి మామూలే అనుకోవద్దు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఏడో నెలలో షుగర్ ఉందన్నారు. మెట్‌ఫార్మిన్ వాడాను, కాన్పయ్యాక ఆపేశారు. పాపకిప్పుడు మూడో నెల, నా పాలే తాగుతోంది. ఒళ్లు నొప్పులని చూపించుకుంటే విటమిన్ డి బాగా తక్కువగా, 11 ఉందని, 60,000 యూనిట్ల పొడి వారానికొకటి రాశారు. త్వరగా తగ్గాలని 12 రోజులుగా రోజూ తాగుతున్నా. దాహం, మూత్రం ఎక్కువగా ఉన్నాయి. పాలిచ్చేవాళ్లకు మామూలే అని ఇంట్లో అంటున్నారు. విటమిన్ డి సరిపడా ఉంటే షుగర్ మళ్లీ రాకుండా ఉంటుందా?
- ఒక సోదరి, చంద్రగిరి

జవాబు: ఆ పొడి ఈ రోజే ఆపేయండమ్మా. వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు తాగినా మొత్తం 4,80,000 యూనిట్లే. మీరు 12 రోజుల్లో 7,20,000 తాగేశారు. బి కాంప్లెక్స్ ఎక్కువైతే మూత్రంలో పోతుంది. డి అలా పోదు, కొవ్వులో నిలవ ఉండి వారాల తరబడి పనిచేస్తుంది. దాంతో రక్తంలో కాల్షియం పెరిగితే దాహం, అతిమూత్రం, మలబద్ధకం, వాంతులు వస్తాయి, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. మీకు 11 దగ్గర మొదలైంది కాబట్టి అంతదాకా వెళ్లకపోవచ్చు. కానీ చూడకుండా ఆ మాట నేను చెప్పలేను. కాన్పు తర్వాత ఇచ్చే కాల్షియం మాత్రలు వాడుతుంటే వాటినీ రిపోర్టు వచ్చేవరకు పక్కన పెట్టండి. వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా తిరుపతి రుయా లాంటి పెద్దాసుపత్రికి ఆ పూటే వెళ్లాలి.

నన్ను ఇంకా కలవరపెట్టేది మరొకటి. దాహం, అతిమూత్రం షుగర్ లక్షణాలు కూడా. కాన్పయిన ఆరు వారాలకు చేయించాల్సిన గ్లూకోజ్ పరీక్ష గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. చేయించలేదనే అనుకుంటున్నాను. మాత్ర ఆపారంటే జబ్బు పోయిందని కాదు. రేపటిదాకా ఆగకుండా షుగర్, కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోండి. ఈ లక్షణాలతో ఏ వేళ చూసినా షుగర్ 200 దాటితే అది మధుమేహమే, గ్లూకోజ్ తాగి పరీక్ష చేయించాల్సిన పనే లేదు.

దాటకపోతే ఈ వారంలోనే 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోండి. ముందు రాత్రి నుంచి కనీసం ఎనిమిది గంటలపాటు ఏమీ తినకూడదు, నీళ్లు తాగొచ్చు. పొద్దున్నే ఒకసారి రక్తం ఇచ్చి, గ్లూకోజ్ కలిపిన నీళ్లు ఐదు నిమిషాల్లో తాగి, రెండు గంటలకు మళ్లీ ఇవ్వాలి. ఆ రెండు గంటలూ కూర్చోవాలి, కాఫీ వద్దు, పాపకు పాలివ్వొచ్చు. మధ్యలో వాంతయితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, మరో రోజు చేయించాలి. పరీక్ష ఉందని మూడు రోజుల ముందునుంచే అన్నం మానేసి వచ్చేవాళ్లున్నారు. అలా చేస్తే లేని షుగర్ ఉన్నట్టు రావచ్చు, రోజూ తినేదే తినండి. పరగడుపున 126 గానీ, రెండు గంటలకు 200 గానీ చేరితే మధుమేహం. 100 నుంచి 125, లేదా 140 నుంచి 199 వస్తే దాని అంచున ఉన్నట్టు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక్కటి చాలంటే ఒప్పుకోకండి, కాన్పులో రక్తం పోయినా, రక్తహీనత ఉన్నా ఆ అంకెను నమ్మలేం.

ఇక మీరడిగింది. డి తక్కువున్న గర్భిణుల్లో షుగర్ ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజం. డి ఇస్తే కాన్పు తర్వాత షుగర్ రాదని మాత్రం తేలలేదు. ఎముకలకు, ఒంటి నొప్పులకు అది కావాలి, కానీ రిపోర్టులు చూశాక మీ డాక్టర్ చెప్పిన లెక్కలోనే. రాగి సంగటి తింటున్నా కదా అంటారు, రాగుల్లో కాల్షియం ఉంది, డి లేదు. షుగర్‌ను దూరం పెట్టేది బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక, పాలివ్వడం.

పాలు ఆపొద్దు. అయితే మీరు తాగిన మోతాదు పిల్లల డాక్టర్‌కు తప్పక చెప్పండి, పాపకు డి చుక్కలు వేస్తుంటే కొనసాగించాలో వద్దో ఆయన్నే అడగండి. పాప సరిగా తాగకపోయినా, మందకొడిగా ఉన్నా, వాంతులవుతున్నా వెంటనే చూపించండి. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతోపాటు ఖాళీ పొడి ప్యాకెట్లు కూడా తీసుకెళ్లండి.