ఆఖరి రోజుల్లో బలవంతంగా తినిపించకండి

నాన్నగారు నాలుగు రోజులుగా ఏమీ తినడం లేదు, ఎప్పుడు చూసినా నిద్రే, ఇవి చివరి రోజులా, మేమేం చేయాలి అని ఒకరు అడిగారు. నేను డాక్టర్ని కాను. క్యాన్సర్‌తో మంచాన పడ్డ మా అమ్మని చివరి మూడు వారాలు ఇంట్లో దగ్గరుండి చూసుకున్నాను.

అమ్మ తిండి మానేయగానే నాకు టెన్షన్ పట్టుకుంది. తినకపోతే ఎలా బతుకుతుందని ఒక సాయంత్రం చెంచాతో పాలు పోశాను. పొలమారింది. దగ్గే ఓపిక కూడా లేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మణికట్టు పట్టుకుని "వద్దమ్మా" అంది, ఆ ఒక్క మాటకే మధ్యలో ఊపిరి తీసుకుంది. మర్నాడు వచ్చిన నర్సు చెప్పింది, ఈ దశలో ఆకలీ దాహం వాటంతటవే తగ్గిపోతాయని, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని, సెలైన్ పెట్టినా వాపు పెరగొచ్చని. దూదిని తడిపి, గట్టిగా పిండి, పెదవులు, చిగుళ్ళు, నాలుక తుడవడం చూపించింది. అమ్మ ఆ దూదిని పెదవులతో పట్టుకుని చప్పరించింది. నేను చేసిన సేవల్లో ఆమెకి నిజంగా పనికొచ్చింది అదే.

తర్వాత ఒక్కొక్కటీ కనిపించాయి. మూత్రం తగ్గి రంగు ముదిరింది. పాదాలు చల్లబడి, మోకాళ్ళ మీద ఊదా మచ్చలు వచ్చాయి. ఊపిరి గబగబా తీసుకుని, నెమ్మదించి, కాసేపు ఆగి, మళ్ళీ మొదలయ్యేది. గొంతులో గురగుర వింటే భయమేస్తుంది, కానీ అది మింగలేక చేరిన తడి. పక్కకి తిప్పి, తల కొంచెం ఎత్తులో పెడితే తగ్గుతుంది. అయితే తినకపోవడం, నిద్ర మాత్రమే చూసి చివరి రోజులని అనుకోకండి. ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నోటిపూత వల్ల కూడా తిండి మానేస్తారు. ముందు డాక్టరుకి చూపించండి.

నొప్పి గురించి కూడా గట్టిగా అడగండి. అమ్మ మూలుగుతుంటే మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు రాయడానికి డాక్టర్లు రోజుల తరబడి నాన్చారు, బంధువులేమో అలవాటైపోతుందన్నారు. రోజులు లెక్కపెట్టుకునే మనిషికి అలవాటైతే ఏమిటి నష్టం? సిసిలీ సాండర్స్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ (చివరి దశలో ఉన్నవాళ్ళని చూసుకునే చోటు) మొదలుపెట్టారు. నొప్పి తిరిగి రాకముందే, వేళకి మందు ఇవ్వాలని ఆవిడ అప్పుడే చెప్పారు. డాక్టరు చూసుకుని సరైన మోతాదులో ఇస్తే ఆయాసం కూడా తగ్గుతుంది. అమ్మ మార్ఫిన్ మొదలైన రాత్రే మూలగకుండా పడుకుంది.

ఇంకొకటి, మంచం పక్కన నిలబడి "ఇంకెన్నాళ్ళో" అని మాట్లాడేవాళ్ళని బయటికి పంపండి. స్పృహ లేనట్టున్నా వినపడుతూ ఉండొచ్చు. మా ఇంట్లో ఒకరు అలా అన్నప్పుడు అమ్మ కనుబొమ్మలు ముడిపడ్డాయి. అందరినీ పంపేసి, చెయ్యి పట్టుకుని, నేనున్నానని చెప్పాను. ముడి విడిపోయేదాకా చెబుతూనే ఉన్నాను.