అక్కని చేర్పిద్దాం, పిల్లలకి దారుంది

పలాస తమ్ముడూ, మీ అక్క సారా మానడానికి ఒప్పుకుంది గాని నాలుగేళ్ల పాపని, ఏడేళ్ల బాబుని వదిలి తాగుడు మాన్పించే సెంటర్లో ఉండనంటోంది, ప్రైవేటోళ్లు అడిగిన డబ్బు మీ దగ్గర లేదు, అంతే కదా. ముందు 14446 కి ఫోన్ చెయ్, అది మత్తు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఫ్రీ నంబరు, ఆ ప్రభుత్వం గ్రాంటు ఇచ్చే సెంటర్లున్నాయి, అందులో ఆడవాళ్లని చేర్చుకునేది ఏది, పిల్లల్ని కూడా ఉంచుకోనిస్తారా అని గట్టిగా అడుగు. ఉంచుకోనివ్వకపోతే పిల్లల్ని అమ్మమ్మ దగ్గర ఉంచి శ్రీకాకుళంలో జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కి వెళ్లి మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకంలో పిల్లలకిచ్చే స్పాన్సర్‌షిప్‌కి అప్లై చెయ్యండి, అర్హత ఉందని తేలితే ఒక్కొక్కరికి నెలకి 4,000 ఇస్తారు, ఆదాయం సర్టిఫికెట్ తీసుకెళ్లు.

ఒక్క మాట, ఇంట్లో ఒక్కసారిగా మాన్పించకు తమ్ముడూ. మా పిన్ని అలాగే ఆపేస్తే రెండో రోజు పొద్దున టీ గ్లాసు చేతిలో నిలవలేదు, సాయంత్రానికి ఫిట్స్ వచ్చేసాయి. ముందు పెద్దాసుపత్రిలో డాక్టర్‌కి చూపించు.