తూటా వేగం కొలవబోతున్న బిడ్డకు

నల్లగొండ,
రోహిణి కార్తె.

చిరంజీవి బిడ్డకు పెదనాయన దీవెనలు.

పాయింట్ టూటూ రైఫిల్ తూటాల బాలిస్టిక్ కోఎఫిషియెంట్‌ను నువ్వే కొలిచి లెక్కగట్టబోతున్నావని మీ బాపు నిన్న ఫోన్‌లో చెప్పినాడు. గాలిని తూటా ఎంత బాగా చీల్చుకొని పోతుందో చెప్పే అంకె అది; ఎక్కువ ఉంటే తూటా అంత మంచిది. తయారీదారు ఇచ్చిన అంకెను నమ్మి ఊరుకోకుండా, దాన్ని నీ చేతులతో తేల్చుకోవాలనుకున్నందుకు గర్వపడ్డాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ పనిలో మనిషి పదే పదే లక్ష్యం వైపు నడవాలి. తూటా వేగం కొలిచే యంత్రం, అదే దూరంగా పెట్టిన క్రోనోగ్రాఫ్, పక్కకు జరిగినా, దాని మీద ఎండ పడినా వెళ్లి సరిచేయాలి. రైఫిల్ బోల్టు తెరిచి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉన్నట్టు ఇద్దరు చూసి, రైఫిల్‌ను కింద పెట్టిన తరువాతనే ఎవరైనా కాల్చే గీత దాటాలి. మన చెలక దగ్గర గుట్ట అడ్డం ఉన్నది కదా అని అక్కడ మాత్రం కాల్చవద్దు. ఈ చిన్న సీసపు గుండు మైలు దాటి పోగలదు, నల్లరాతి బండలకు తగిలితే ఎటు మళ్లుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ గుట్ట అవతల గొర్లకాపరులు తిరుగుతుంటారు. అనుమతి ఉన్న షూటింగ్ రేంజిలో, మట్టికట్ట ముందరనే ఈ పని చేయి.

తూటాలన్నీ ఒకే లాటువి, అంటే ఒకే విడతలో తయారైనవి, తీసుకో. దూరాన్ని టేపుతో కొలువు. ఉష్ణోగ్రతను నీడలో చూసి రాసుకో.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను, నిదానంగా చదువు. చాలా ఏండ్ల కింద నేను కూడా రెండు క్రోనోగ్రాఫ్‌లు సంపాదించి, ఒకటి బ్యారెల్ ముందర, ఇంకొకటి దానికి 50 మీటర్ల అవతల పెట్టినాను. దగ్గరిది సెకనుకు 327 మీటర్లు చూపింది, దూరానిది 299 చూపింది. తూటా 28 మీటర్ల వేగం కోల్పోయిందని లెక్కవేస్తే కోఎఫిషియెంట్ 0.11 వచ్చింది. ఈ 40 గ్రెయిన్ల బరువున్న గుండుకు సాధారణంగా 0.13 ప్రాంతంలో ఉండాలి. నేను యంత్రాలను అనుమానించకుండా తూటాలను అనుమానించి, ఆ లాటు పనికిరాదని ఒక శిష్యునికి చెప్పినాను. వాళ్ల నాయన అప్పు చేసి కొనిచ్చిన డబ్బాలవి. ఆ పిల్లవాడు ఎదురు చెప్పకుండా వాటిని సంచిలో సర్దుకున్న తీరు ఇప్పటికీ నా కండ్ల ముందరనే ఉన్నది. నెల తరువాత ఆ రెండు యంత్రాలను ఒకదాని వెనుక ఒకటి ఆనించి, ఒకే తూటా రెండింటి మీదుగా పోయేటట్టు కాల్చి చూసినాను. ఒకే వేగానికి వాటి మధ్య నాలుగు మీటర్ల తేడా వచ్చింది. వేగంలో అది నూటికి ఒక వంతు కన్నా కొంచెమే ఎక్కువ; కానీ 28లో నాలుగు పోతే ఏడో వంతు పోయినట్టే. తప్పు తూటాలది కాదని చెప్పడానికి నేనే ఆ పిల్లవాని ఇంటికి పోయినాను. అప్పటికే ఆ డబ్బాలను సగం ధరకు అమ్మేసినారు.

అందుకని, బిడ్డా, ముందుగా రెండు యంత్రాలను కలిపి పెట్టి పది తూటాలు కాల్చు, తరువాత వాటి చోట్లు మార్చి ఇంకో పది కాల్చు. ఆ తేడా తేలకముందు ఒక అంకెలో నుంచి ఇంకొకటి తీసివేయవద్దు. బద్ధకించినావని తెలిస్తే కోప్పడతాను.

గాలి ఒత్తిడి విషయంలో వాతావరణ వార్తల అంకె రాసుకోవద్దు. అది సముద్రమట్టానికి సరిచేసినది. మన నల్లగొండ సముద్రమట్టానికి ఎత్తులో ఉన్నది కనుక ఇక్కడి అసలు ఒత్తిడి అంతకన్నా తక్కువ. పైగా 40 డిగ్రీల ఎండలో గాలి పలుచబడుతుంది. లెక్కలో ఈ రెండూ కలపకపోతే తూటా ఉన్నదాని కన్నా మంచిదిగా కనబడుతుంది. ఏ వేగాల మధ్య కొలిచినావో కూడా రాసిపెట్టు, ధ్వని వేగానికి దగ్గరగా పోయే కొద్దీ ఈ అంకె మారుతుంది.

ఎండలో తలకు రుమాలు కట్టుకో, నీళ్లు తాగు. ఇంటికి వచ్చేటప్పుడు సగటులు కాదు, ఒక్కొక్క తూటా వేగం వరుసగా రాసిన నోటుబుక్కు తీసుకురా. ఇద్దరం కూర్చొని మొదటి తూటా నుంచి చూద్దాం.

నీ పెదనాయన