చిల్లగింజ, ఎండ, గణితం: నీటి శుద్ధిలో ఈ మూడింటికీ సంబంధం ఏమిటి?

సంబంధం ఉంది, అదీ చాలా దగ్గరిది.

శుభ్రమైన పారదర్శక పెట్ (PET ప్లాస్టిక్) బాటిల్‌లో నీళ్లు పోసి మంచి ఎండలో 6 గంటలు పడుకోబెడితే, అతినీలలోహిత కిరణాలు, వేడి కలిసి విరేచనాలు తెచ్చే బాక్టీరియాను చంపుతాయి. మబ్బు పట్టి ఉంటే వరుసగా 2 రోజులు ఉంచాలి. దీనిపై తొలి ప్రయోగాలు 1980 ప్రాంతంలో లెబనాన్ రాజధాని బేరూత్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో జరిగాయి.

నీళ్లు బురదగా ఉంటే మాత్రం కిరణాలు లోపలికి చేరవు. చిల్లగింజ, అంటే చిల్ల చెట్టు విత్తనం, పనికొచ్చేది ఇక్కడే. నీళ్లను తేర్చేవాటిలో దీన్ని సుశ్రుత సంహిత ఏనాడో చెప్పింది. గింజను అరగదీసి కలిపితే మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి అడుక్కి దిగుతాయి. తేటపడినంత మాత్రాన క్రిములు చచ్చినట్టు కాదు, ఎండ తప్పనిసరి.

ఎంతసేపు ఉంచాలో చెప్పేది గణితం. గంటకు 90 శాతం క్రిములు చస్తాయనుకుందాం. రెండు గంటలకు మిగిలేది నూటికి ఒకటి, ఆరు గంటలకు పది లక్షలకు ఒకటి. సున్నా ఎప్పటికీ రాదు కాబట్టే పరిశోధకులు ఈ తగ్గుదలను లాగరిథమ్‌లలో, అంటే ఎన్నిసార్లు పదో వంతుకు తగ్గిందన్న లెక్కలో, కొలుస్తారు.

నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లకు మాత్రం దయచేసి దీన్ని నమ్ముకోకండి. ఎండ క్రిములను చంపుతుంది గానీ ఫ్లోరైడ్‌ను తీయలేదు.